ఆర్కిటిక్ డయాసిస్‌కి స్థానిక బిషప్ రావడానికి 63 ఏళ్లా?

మంచుపిచ్చి: కెనడా ఉత్తరాన ఆంగ్లికన్ చర్చి వాళ్ల ఆర్కిటిక్ డయాసిస్ ఉంది, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం. దాదాపు 40 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశం కంటే పెద్దది. 1933లో పెట్టారు. మొదటి బిషప్ ఫ్లెమింగ్ స్కాట్లాండ్ మనిషి. అక్కడి ఆదివాసులైన ఇనుయిట్‌లలో తొలి బిషప్ పాల్ ఇడ్లౌట్ 1996లో వచ్చాడు, అదీ సహాయ బిషప్‌గా. పూర్తి పగ్గాలు ఆండ్రూ అటగొటాలుక్ చేతికొచ్చేసరికి 2002. మన డోర్నకల్‌కి 1912లోనే అజరయ్య గారు బిషప్. అక్కడెందుకింత ఆలస్యం?

పాతరిజిస్టరు: అజరయ్య గారు తిరునల్వేలి తమిళులు. స్థానికుడు అనకండి.

మంచుపిచ్చి: తెలుగు నేర్చుకున్నారు కదా సార్.

పాతరిజిస్టరు: నేర్చుకుంటే సరిపోతుందా? 1974 నుంచి 1990 దాకా ఆర్కిటిక్‌లో బిషప్‌గా ఉన్న జాన్ స్పెర్రీ ఇంగ్లండ్ వాడు. ఇనుయిట్ మాండలికంలోకి ప్రార్థన పుస్తకమే అనువదించాడు. ఆయన్నీ స్థానికుల్లో కలిపేయండి, మీ 63 ఏళ్లు ఎగిరిపోతాయి.

బెజవాడబాబు: బూట్లు ఉడకబెట్టుకు తిన్న బిషప్ ఈయనేనా?

మంచుపిచ్చి: కాదు, స్ట్రింగర్. 1909, యూకాన్ డయాసిస్. టాపిక్ మార్చకండి.

అసలు మిషనరీలు చేసిన మేలు ఎవరూ ఎత్తరేం? 1894లో బ్లాక్‌లెడ్ ద్వీపానికెళ్లిన మిషనరీ ఎడ్మండ్ పెక్ ఇనుయిట్‌లకి లిపి నేర్పాడు. త్రికోణం మొన పైకుంటే ఇ, కుడికుంటే ఉ, ఎడమకుంటే అ. మన గుణింతం కంటే సులువు!

శబరిఒడ్డు: లిపి ఇచ్చిన చర్చే అక్కడి అక్లావిక్ ఊళ్లో ఆదివాసి పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచే రెసిడెన్షియల్ స్కూలు నడిపింది. అలాంటి బడుల్లో సొంత భాష మాట్లాడితే శిక్ష. 1993లో కెనడా ఆంగ్లికన్ చర్చి పెద్ద బిషప్ మైకేల్ పీర్స్ క్షమాపణ అడిగాడు. నేను కోయ పిల్లని. మిషన్ హాస్టల్లో మా చెల్లితో కోయలో మాట్లాడానని మోకాళ్ల మీద నిలబెట్టారు, అన్నం గంట కొట్టేదాకా. నన్నెవరూ క్షమాపణ అడగలేదు.

మంచుపిచ్చి: అయ్యో. కానీ మేడమ్, ఇనుయిట్‌ల భాష ఇనుక్టిటుట్‌లో బైబిల్ 2012లో పూర్తయింది, అనువదించింది ఇనుయిట్ ఫాదర్లే, అటగొటాలుక్ కూడా అందులో ఒకరు...

శబరిఒడ్డు: ఆ "కానీ" మీ దగ్గరే ఉంచుకోండి.

పాతరిజిస్టరు: ఈయనకి బిషప్పుల తారీఖులే కావాలి. మా నాన్న 31 ఏళ్లు ఉపదేశి, అంటే అభిషేకం లేని ఊరి బోధకుడు. ఆదివారం ఆరాధన, చావు ప్రార్థన అన్నీ ఆయనే. రొట్టె, ద్రాక్షారసం సంస్కారం ఇవ్వడానికి మాత్రం వేరే ఊరి అయ్యగారు జీపులో దిగేవారు. నాన్నకి అయ్యగారిగా అభిషేకం అడిగితే చదువు చాలదన్నారు. ఆర్కిటిక్ వేట గుడారాల్లో సంఘాన్ని నిలబెట్టిందీ ఇనుయిట్ ఉపదేశులే. వాళ్లను ఉపదేశులుగానే ఉంచేశారు. ఆలస్యం ఎందుకని అడిగారుగా, అదీ సంగతి.

శబరిఒడ్డు: మా ఊళ్లో నా పేరు హాస్టల్‌కి రాయించింది ఉపదేశి గారే.

పాతరిజిస్టరు: ఏ ఊరమ్మా మీది?