బయట దేశంల పనిచేసి వచ్చిన డిజైనర్లూ, మీ పనిల ఏం మారింది?

కందనూలు_కలం:
జర్మనీల కొన్నేండ్లు ప్యాకేజింగ్ పని చేసి నాగర్‌కర్నూల్ తిరిగొచ్చిన. ఇప్పుడు అచ్చంపేట దిక్కు ఒక గానుగ నూనె వాళ్లకు లేబుల్ చేస్తున్న. కూసోంగనే వాళ్లు చెప్పిన మాట, "అన్నా, ఫారిన్ లెక్క ఉండాలె." అంటే తెల్ల కాగితం, సన్న అక్షరాలు, నడుమ చిన్న ఆకు. నేను అక్కడ నేర్చుకున్నది గది కాదని ఎట్ల చెప్పాలె?

నాకు అక్కడ మస్తు నేర్పింది ఆల్డి అనే సరుకుల దుకాణం. వాళ్ల సొంత ప్యాకెట్ల మీద బార్‌కోడ్ ఒక్క చోట కాదు, రెండు మూడు పక్కల, అదీ పెద్దగ ఉంటది. చూడనీకి ఏమంత బాగుండది. కౌంటర్ కాడ కూసున్నామె ప్యాకెట్ ఎట్ల పట్టుకున్నా, తిప్పకుంట స్కాన్ కావాలని అట్ల చేస్తరు. లైను బిరబిర కదులుతది, మనుషుల ఖర్చు తగ్గుతది, ధర తక్కువ పెట్టొచ్చు. ఆ దుకాణం పేరు నిలబడ్డదే ఆ ధర మీద. లోగో గీసుడు తర్వాతి సంగతి.

మీకు బయట ఏం తట్టింది? రంగులు, స్టైలు వద్దు, పని చేసే తీరు చెప్పున్రి.

షార్జా_పాలమూరు:
నాది రెండు లిపుల కథ అన్నా. గల్ఫ్‌ల తిండి సరుకు అమ్మాలంటే లేబుల్ మీద అరబ్బీ తప్పనిసరి. ఇంగ్లీష్ లోగో గీసి, కింద అరబ్బీ అతికిస్త అంటే అక్కడ మంచి స్టూడియోల నడువది. రెండూ పక్కపక్కన పెట్టి, గీత మందం సరిచూసుకుంట గీస్తరు. అరబ్బీ కుడి నుంచి ఎడమకు పోతది, బొమ్మ దిక్కు గూడ మారుతది. ఫెడెక్స్ వాళ్ల అరబ్బీ లోగో చూడున్రి, లోపల దాగిన బాణం ఎడమ దిక్కు ఉంటది.

మహబూబ్‌నగర్ వచ్చినంక న్యూటౌన్‌ల బోర్డులు చూస్తే పానం ఉసూరుమన్నది. ఇంగ్లీష్ అక్షరం ఎంత ఎత్తుంటే తెలుగును గూడ అంతే ఎత్తుల కుక్కుతరు. "శ్రీలక్ష్మి" అని రాయాలంటే పైన గుడి ఉంటది, కింద ఒత్తు ఉంటది. వీటికి జాగ ఇయ్యకుంటే నడుమ అసలు అక్షరం బక్కగైతది, బస్సుల పోయేటోనికి కనబడది. నేనైతే తెలుగుకు ఒకటిన్నర రెట్ల ఎత్తు ఇస్తున్న. ముందు తెలుగు గీస్త, ఇంగ్లీష్ దానికి జోడు కావాలె. కొందరు ఓనర్లు ఉల్టా చెయ్యమంటరు. అప్పుడు బోర్డు రోడ్డు అవతల నిలబెట్టి చూపిస్త, మాట్లాడరు.

మిర్యాల_మిల్లు:
నేను డిజైనర్ను కాదు, బియ్యం మిల్లు మాది. కందనూలు తమ్మి చెప్పిన తెల్ల కాగితం బాధ మేం పడ్డం. బయట చదివొచ్చిన పిల్లగాడు ఒకడు మా బస్తా మీది బొమ్మ తీసేసి, అంతా ఖాళీ జాగ ఇడిసి, నడుమ సన్నగ పేరు రాసిచ్చిండు. చూడముచ్చటగనే ఉండె. కిరాణం షాపాయన ఒకటే మాటన్నడు, "సేటూ, రంగు ఖర్చు మిగుల్చుకున్నవా?"

మా గిరాకీలు పేరు చదివి అడగరు తమ్మీ, "గా జింక బొమ్మ బియ్యం ఇయ్యి" అంటరు. బొమ్మ పోతే మా మార్కా వాళ్ల నోట్లకెళ్లి పోయినట్టే. ఇంకోటి, దుకాణంల బస్తాలు పడుకోబెట్టి పేరుస్తరు. ముందు పక్క ఎవనికి కనబడది, కుట్టు కాడి కొస మాత్రమే కనబడతది. అక్కడ వాడు ఏం పెట్టలే.

2022 జులైల, 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబులేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చినప్పుడు మస్తు మిల్లులు 26 కిలోల బస్తాకు మారినయి. అప్పుడు మేం బస్తా మీద అన్నిటికంటె పెద్దగ రాయించింది ఆ 26 అంకెనే.

కందనూలు_కలం:
మిల్లన్నా, ఆల్డి బార్‌కోడూ మీ 26 అంకే ఒక్క తీరువే. ఆ పిల్లగాడు ఫారిన్ పుస్తకాలు చూసొచ్చిండు గని, ఫారిన్ దుకాణంల నిలబడి చూసినట్టు లేడు.

పుట్టపాక_ఆడబిడ్డ:
అన్నలూ, నాది బట్ట సంగతి. ఇటలీల చదువుకున్న. అక్కడ పార్మిజానో రెజ్జానో అనే జున్ను ఉంటది, పెంకు మీద చుట్టూతా చుక్కలతోని ఆ పేరు అచ్చు పడి ఉంటది. కొన్ని జిల్లాలు తప్ప ఇంకెక్కడ చేసినా ఆ పేరు పెట్టరాదు. ఊరి పేరుకు ఎంత కాపలా ఉంటదో నాకు అక్కడ అర్థమైంది.

మనకు గూడ జీఐ గుర్తింపు, అంటే ఊరి పేరును కాపాడే భౌగోళిక గుర్తింపు ఉన్నది. పోచంపల్లి ఇక్కత్‌కు ఉన్నది, గద్వాల్, నారాయణపేట చీరెలకు ఉన్నది, మా పుట్టపాకల నేసే తేలియా రుమాలు అనే ఇక్కత్ బట్టకు 2020ల వచ్చింది. అయినా డిజైనర్లు ఏం చేస్తరు? ఇక్కత్ నమూనా కంప్యూటర్ల గీసి కవరు మీద, కార్డు మీద, సంచి మీద అచ్చేస్తరు. మిల్లుల అచ్చేసిన నకిలీ బట్ట చేసేది గూడ అదే కదా.

అందుకే నేను మా రుమాలు ట్యాగ్ మీద నమూనా పెట్ట. నూలును ఆముదం, బూడిద నీళ్లల్ల పదేపదే నానబెడతరని, అందుకే బట్టకు నూనె వాసన, మెత్తదనం వస్తదని రాస్త. ఒకప్పుడు ఈ రుమాళ్లు అరబ్బు దేశాలకు తలగుడ్డలుగ పోయినయని రాస్త. (షార్జా అన్నా, నువ్వు పోకముందే మన బట్ట పోయింది!) ఇంకోటి గూడ ఉన్నది. నేసే ముందే నూలుకు ముడులు కట్టి రంగేస్తరు కాబట్టి బట్ట రెండు పక్కల ఒక్కతీరు ఉంటది. అచ్చు బట్టనైతే ఎనక పక్క పాలిపోయి కనబడతది. "తిప్పి చూడండి" అని ట్యాగ్ మీద పెద్దగ రాసిన. కొనేటోళ్లు నిజంగనే తిప్పి చూస్తున్నరు, తర్వాత పక్క దుకాణంల బట్ట గూడ తిప్పి చూస్తున్నరు!

షార్జా_పాలమూరు:
అక్కా, అంతకంటె మంచి లోగో నేను గియ్యలేను.

గడియారం_ఫ్లెక్స్:
అందరు పెద్ద ముచ్చట్లు చెప్తున్నరు. నేను దేశం దాటలే, నల్లగొండల ఫ్లెక్స్ షాపు. ఫ్లెక్సీ కొట్టిస్తే లోగో ఫ్రీ అనుకునే జనం మా కాడికి వస్తరు. ఇరవై మొకాలు లేకుంటే అది ఫ్లెక్సీనే కాదు. ఎవని మొకం ఎవనికంటె పెద్దగుండాల్నో తప్పితే రాత్రికి కొట్లాట. దానికి గూడ డిజైనింగ్ తెల్వాలె. జర్మనీల పైసలు ఎట్ల అడుగుతరో ముందు గది చెప్పున్రి.

కందనూలు_కలం:
గది గూడ నేర్చుకున్నన్నా. అక్కడ పని మొదలు కాకముందే కాగితం మీద రాసుకుంటరు: ఏం పని, ఎన్నిసార్లు మార్పులు, పైసలు ఎప్పుడు. నేను ఒక పేజీ తెలుగుల రాసి సంతకం, సగం అడ్వాన్స్ అడుగుతున్న. శానమంది నవ్వి పోతరు. సంతకం పెట్టినోళ్లు మాత్రం అర్ధరాత్రి ఫోన్ చేసి రంగు మార్చమనరు.

గడియారం_ఫ్లెక్స్:
శానమంది పోతే షాపు కిరాయి ఎవరు కడతరు తమ్మీ?

కందనూలు_కలం:
ఫ్లెక్సీకి అడగకన్నా, లోగోకే అడుగు.

మిర్యాల_మిల్లు:
నూనె లేబుల్ ఏం చేసినవ్ మరి?

కందనూలు_కలం:
సీసా పట్టే చెయ్యి జిడ్డుగ ఉంటది, తెల్ల కాగితం వారంల మరకలైతది. ముదురు రంగు, ప్లాస్టిక్ ఫిల్మ్ మీద అచ్చు అన్న. పల్లి నూనెకు ఒక రంగు మూత, నువ్వుల నూనెకు ఇంకో రంగు. అవ్వ గూడ చదవకుంటనే తీసుకోవాలె. గడియారం అన్నా, ఒక నమూనా కొట్టిస్తవా?

గడియారం_ఫ్లెక్స్:
పంపు. అక్షరాలు అవుట్‌లైన్ చేసి, అంటే బొమ్మ లెక్క మార్చి పంపు, నా కాడ అను అనే పాత తెలుగు ఫాంట్లే ఉన్నయి, లేకుంటే ఒత్తులన్నీ ఎగిరిపోతయి. ఫిల్మ్ హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె, రెండు రోజులు ఆగు.