మూడు రోజుల్లో మూడు లోపాలు: ఎస్టీమ్ రేసు కారు గురించి సలహా కావాలి

నెల్లూరు ఎస్టీమ్:

అందరికీ నమస్కారం. గడచిన శుక్ర, శని, ఆదివారాల్లో శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో నా కారు పెట్టిన ఇబ్బందిని వరుసగా చెబుతాను. ఇంజను తల (సిలిండర్లను పైన మూసే భాగం) విప్పించాలా వద్దా అన్నది ఈ వారంలోనే నిర్ణయించుకోవాలి. తరువాతి రేసుకు ఆరు వారాలే గడువుంది, ఒక్క పెద్ద పనికి మాత్రమే డబ్బు మిగిలింది.

కారు 2003 మోడల్ మారుతి ఎస్టీమ్. 1298 సీసీ, 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండరుకూ విడిగా పెట్రోలు చిమ్మే) ఇంజను. వానాకాలంలో ఇంజను దింపి, లోపల రోల్ కేజ్ (కారు పల్టీ కొడితే కాపాడే ఉక్కు గొట్టాల చట్రం) వెల్డింగ్ చేయించి, బాడీకీ ఇంజను గదికీ కొత్తగా రంగు వేయించాను. బరువు పంచడం కోసం బానెట్ కింది బ్యాటరీని తీసేసి, ముందరి ప్రయాణికుడి సీటు ఉండే చోటుకు వెనకగా ఒక చిన్న బ్యాటరీని బిగించి, దాని ఎర్త్ వైరును అక్కడే బాడీకి కలిపాం. పని పూర్తయిన తరువాత మా ఊళ్లో రెండు సార్లు నడిపి చూశాను, ఏ లోపమూ కనిపించలేదు.

శుక్రవారం మొదటి ప్రాక్టీసులో నాలుగు ల్యాపులు చక్కగా సాగాయి. ఐదో ల్యాపులో 5,500 ఆర్‌పీఎం దాటగానే ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు ఇంజను ఆగి ఆగి లాగడం మొదలుపెట్టింది. స్పార్కు ప్లగ్గులు, హైటెన్షన్ వైర్లు, పెట్రోలు ఫిల్టరు మార్చాం. రెండో ప్రాక్టీసులో అదే లోపం మూడో ల్యాపుకే వచ్చింది. సాయంత్రం సెల్ఫ్ కొడితే ఇంజను బరువుగా తిరిగింది. కొత్త బ్యాటరీ కాబట్టి ఛార్జింగ్ తగ్గి ఉంటుందనుకుని రాత్రంతా ఛార్జరుకు పెట్టాను.

శనివారం ఉదయం, రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలవాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో ఐదు ల్యాపుల పాటు ఏ ఇబ్బందీ లేదు. నా శక్తికి మించిన సమయమే వచ్చింది. అదే రోజు మొదటి రేసు మొదలవడానికి ముందు, స్టార్టు వరుసలో దాదాపు పది నిమిషాలు నిలబడ్డాం. అప్పుడే ఉష్ణోగ్రత ముల్లు పైకెళ్లి, రిజర్వు డబ్బాలోంచి కూలెంట్ పొంగి కింద పడింది. రేసు మొదలై గాలి తగలగానే ముల్లు దిగింది కానీ, మూడో ల్యాపులో మళ్లీ ఆ లాగుడు రావడంతో ఐదో ల్యాపు తరువాత పిట్‌లోకి వచ్చేశాను. హెడ్ గ్యాస్కెట్ (ఇంజను తల కింద ఉండే సీలు) పోయిందేమోనన్న భయంతో ఆ రాత్రి రేడియేటర్ మూత మార్చాం, థర్మోస్టాట్‌ను వేడినీళ్లలో వేసి చూశాం, సిలిండర్లలో కంప్రెషన్ (గాలిని నొక్కే ఒత్తిడి) కొలిచాం. నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగానే ఉన్నాయి.

ఆదివారం పిట్ నుంచి బయలుదేరుతుండగా క్లచ్ పెడల్ ఒక్కసారిగా నేలకు తగిలింది. గేర్‌బాక్సు వైపు కొసలో క్లచ్ కేబుల్ తెగిపోయింది. దగ్గర విడి కేబుల్ లేదు. మా తమ్ముడు బయటికి వెళ్లి వెతికి తెచ్చేసరికి రేసు అయిపోయింది. ఏడాదంతా జీతంలోంచి కూడబెట్టినదాన్ని ఈ మూడు రోజులకు పెట్టాను, వాడు తన సెలవులన్నీ నా కోసం వాడేశాడు. అందుకే మనసు చాలా కష్టంగా ఉంది.

ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు లోపాలా? ప్రతి ప్రాక్టీసు చివర్లో బ్రేకు పెడల్ కూడా లోతుగా దిగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.

కోయంబత్తూరు వాసి:

నేను మా ఊరి రేసు ట్రాక్ కారీ స్పీడ్‌వేలో నడుపుతుంటాను. మీ శుక్రవారం లక్షణాలు చదవగానే నాకు తట్టింది ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకు జరిగిపోవడం. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ గడియారపు ముల్లు దిశలో సాగుతుంది కాబట్టి కుడి మలుపులే ఎక్కువ. ట్యాంకులో సగానికన్నా తక్కువ పెట్రోలు ఉన్నప్పుడు, పొడవైన కుడి మలుపులో అదంతా ఎడమ గోడకు చేరి పంపుకు అందకుండా పోతుంది. అయితే అది మలుపులోనో, మలుపు దాటిన రెండు మూడు సెకన్లలోనో కనిపించాలి. మీకు లాగుడు స్టార్టు-ఫినిష్ స్ట్రెయిట్‌లో కూడా వచ్చిందా? వచ్చి ఉంటే నా ఊహ తప్పు. అలాగే శనివారం ఉదయం ట్యాంకు నింపి వెళ్లారా, లేక శుక్రవారం ఉన్నంతే ఉందా? ఆ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఈ అనుమానం తేలిపోతుంది.

నెల్లూరు ఎస్టీమ్:

ధన్యవాదాలండీ. లాగుడు స్ట్రెయిట్‌లోనే ఎక్కువగా వచ్చింది, మలుపుల్లో ఆర్‌పీఎం తక్కువగా ఉన్నప్పుడు తెలియలేదు. పెట్రోలు మూడు రోజులూ ముప్పావు ట్యాంకు కన్నా తగ్గనివ్వలేదు.

గుంటూరు ఎలక్ట్రికల్:

నెల్లూరు వారికి నమస్కారం. దయచేసి ఇంజను తల విప్పించకండి. కార్ల ఎలక్ట్రికల్ పనిలో నాకున్న అనుభవాన్ని బట్టి చెబుతున్నాను, ఇవి మూడు లోపాలు కావు. ఒకే లోపం మూడు రోజుల్లో మూడు ముఖాలతో కనిపించింది. మీ ఇంజనుకు ఎర్త్ సరిగ్గా అందడం లేదు.

మీ మాటల్లోనే మూడు ఆధారాలున్నాయి. శుక్రవారం రాత్రంతా బ్యాటరీని ఛార్జరుకు పెట్టారు, శనివారం ఉదయం ఐదు ల్యాపులు బాగా నడిచింది; అంటే మీరు మార్చిన ప్లగ్గులూ ఫిల్టరూ కాదు, నిండిన బ్యాటరీయే ఆ ల్యాపులు తిప్పింది. వరుసలో నిలబడి ఉన్నప్పుడు వేడెక్కి, వేగం అందుకోగానే చల్లబడింది. హెడ్ గ్యాస్కెట్ పోతే ఇంజను మీద భారం పెరిగే ట్రాక్ మీదే పరిస్థితి విషమించాలి కానీ తేలిక పడకూడదు. ఇక క్లచ్ కేబుల్. అది అరిగి తెగిందని మీరు అనుకుంటున్నారు, కాలి తెగిందని నా అనుమానం.

ఇంజను, గేర్‌బాక్సు రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటాయి. రబ్బరులోంచి కరెంటు పోదు కాబట్టి ఇంజనును బాడీతో కలపడానికి ఒక ఎర్త్ పట్టీ ఉంటుంది. బ్యాటరీ బానెట్ కింద ఉన్నప్పుడు దాని మైనస్ తీగ నేరుగా గేర్‌బాక్సుకు వెళ్తుంది, బాడీ పట్టీకి పెద్ద పని ఉండదు. మీరు బ్యాటరీని లోపలికి మార్చి మైనస్‌ను బాడీకి కలపడంతో, సెల్ఫ్ మోటారు లాగే వంద ఆంపియర్లకు పైబడిన కరెంటు మొత్తం ఆ చిన్న పట్టీ గుండానే తిరిగి రావలసి వచ్చింది. దానికి తోడు ఇంజను గదికి కొత్త రంగు పడింది. పట్టీ కొసను రంగు మీదే బిగించి ఉంటే, బోల్టు మరలు ఆనిన కాస్త చోటు తప్ప లోహానికి లోహం తగలదు.

దారి మూసుకుపోయిన కరెంటు ఊరుకోదు, దొరికిన మరో దారి పట్టుకుంటుంది. ఇంజనునూ బాడీనీ కలిపే లోహపు వస్తువులు మరికొన్ని ఉన్నాయి: క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఆ సన్నని ఉక్కు తీగ వేడెక్కుతుంది, లోపలి ప్లాస్టిక్ గొట్టం కరుగుతుంది, పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్‌ది కూడా ఇదే గతి, ఎందుకంటే దాని తిరుగు కరెంటు ఇంజను ఒంటి గుండానే పోవాలి. అది తన దగ్గర 14 వోల్టులు తయారు చేసినా బ్యాటరీకి 12 చిల్లర మాత్రమే చేరుతుంది. చిన్న బ్యాటరీ కాబట్టి నాలుగు ల్యాపుల్లో నీరసిస్తుంది, పెట్రోలు పంపు మందగిస్తుంది. పై ఆర్‌పీఎంలో ఇంజనుకు కావలసినంత పెట్రోలు అందక మీరన్న లాగుడు వస్తుంది. రేడియేటర్ ఫ్యాను కూడా అదే కరెంటుతో నెమ్మదిగా తిరుగుతుంది, నిలబడి ఉన్నప్పుడు అదే వేడిగా మారుతుంది.

తెగిన కేబుల్‌ను పారేయకుండా కోసి చూడండి. లోపలి గొట్టం కరిగి తీగకు అంటుకుని ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. తరువాత పంపు ఫ్యూజు తీసేసి ఇంజను స్టార్టు కాకుండా చేసి, మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొసను బ్యాటరీ మైనస్ మీద, రెండో కొసను ఇంజను ఒంటి మీద శుభ్రమైన లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టుకు మించి చూపితే ఎర్త్ బాగోలేనట్టే. బీప్ శబ్దం చేసే కంటిన్యుటీ పరీక్షను మాత్రం నమ్మకండి. ఒక్క పోగు తగిలి ఉన్నా మీటరు కూస్తుంది, కానీ ఆ ఒక్క పోగు వంద ఆంపియర్లను మోయలేదు. లోపం దొరకక రెండు మూడు రోజులు పోగొట్టుకున్న వాళ్లలో చాలామంది ఆ బీప్‌ను నమ్మినవాళ్లే.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. యాక్సిలరేటర్ కేబుల్ చూసే వరకు కారును వీధిలోకి కూడా తీయకండి. క్లచ్ కేబుల్‌కు పట్టిన గతి దానికీ పట్టి ఉంటే, పెడల్ మీది నుంచి కాలు తీసినా థ్రాటిల్ మూసుకోకపోవచ్చు. మొదటి మలుపు దగ్గర అది జరిగి ఉంటే మీరు ఈ ప్రశ్న అడగడానికి ఉండేవారో లేదో.

నెల్లూరు ఎస్టీమ్:

గుంటూరు వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ రోజు సాయంత్రం మా తమ్ముడూ నేనూ మీరు చెప్పినవన్నీ చేశాం.

క్లచ్ కేబుల్ లోపలి ప్లాస్టిక్ గొట్టం జానెడు పొడవున కరిగి, నల్లబడి, తీగను పట్టేసి ఉంది. సెల్ఫ్ కొట్టినప్పుడు మీటరు 3.1 వోల్టులు చూపింది. స్టార్టు చేసి 3,000 ఆర్‌పీఎం దగ్గర ఫ్యాను తిరుగుతుండగా చూస్తే ఆల్టర్నేటర్ దగ్గర 14.1, బ్యాటరీ దగ్గర 12.2. తరువాత గేర్‌బాక్సుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య ఒక జంపర్ కేబుల్ తగిలించి మళ్లీ కొలిచాం: సెల్ఫ్ కొట్టినప్పుడు 0.3, బ్యాటరీ దగ్గర 13.9. ఫ్యాను శబ్దం మారడం చెవికే తెలిసింది.

పట్టీ విప్పితే, లగ్గు (పట్టీ కొసన బోల్టు పట్టే లోహపు రింగు) కింద కొత్త రంగు గీత కూడా పడకుండా నిగనిగలాడుతూ ఉంది. ఇంజను తిరిగి ఎక్కించిన రోజు నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. యాక్సిలరేటర్ కేబుల్ బయటికి బాగానే ఉంది, కానీ విప్పి చేత్తో లాగితే మధ్యలో ఒక చోట పట్టి వదులుతోంది. దాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు ఇద్దరికీ కాసేపు మాట రాలేదు.

ఇప్పుడు రంగు గీకి అదే పట్టీ బిగిస్తే చాలా, లేక ప్రత్యేకంగా తీగ వేయాలా?

ఆస్టిన్ మియాటా:

నేను టెక్సస్‌లో ఉంటాను. ఆస్టిన్ పక్కనే ఉన్న సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో వీలైనప్పుడల్లా పాత మాజ్డా మియాటా నడుపుతాను. ఆ కారులో కంపెనీవారే బ్యాటరీని డిక్కీలో పెట్టారు కాబట్టి ఈ విషయం మాకు బాగా పరిచయం. నా అభిప్రాయంలో బాడీని నమ్ముకోకుండా గేర్‌బాక్సు నుంచి బ్యాటరీ మైనస్ దాకా నేరుగా రాగి తీగ వేయండి. నాలుగు మీటర్ల పొడవుకు 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే 120 ఆంపియర్ల దగ్గర అర వోల్టు పోతుంది, 35 వాడితే పావు వోల్టే పోతుంది. వెల్డింగ్ వాళ్లు వాడే తీగ మెత్తగా వంగుతుంది, ఇంజను కదలికను తట్టుకుంటుంది. బాడీ పట్టీని కూడా ఉంచండి.

బ్రేకు పెడల్ సంగతి మాత్రం దీనితో సంబంధం లేనిది. డాట్ 4 బ్రేకు నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పీల్చిన తరువాత అది 155కు పడిపోతుంది. సముద్రతీరపు ఊళ్లో వానాకాలమంతా కదలకుండా ఉన్న కారులో ఆ నూనె ఏ స్థితిలో ఉంటుందో ఊహించవచ్చు. సీసా మూత అప్పుడే తీసిన నూనెతో నాలుగు చక్రాల దగ్గరా పూర్తిగా మార్చండి. అప్పటికీ పెడల్ దిగితే ప్యాడ్ల సంగతి చూద్దాం.

గుంటూరు ఎలక్ట్రికల్:

ఆస్టిన్ వారు చెప్పిన తీగ కొలత సరైనదే. లగ్గులను సుత్తితో కొట్టి నొక్కకుండా, వాటిని తీగకు గట్టిగా నొక్కే హైడ్రాలిక్ క్రింపింగ్ సాధనం ఉన్న దుకాణంలో వేయించండి. రెండు కొసల దగ్గరా ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన వాజలైన్ పూయండి. ఫైర్‌వాల్ (ఇంజను గదికీ కారు లోపలికీ మధ్య గోడ) రంధ్రంలో రబ్బరు గ్రొమెట్ (తీగకు రాపిడి తగలకుండా కాపాడే రింగు) తప్పనిసరి, మైనస్ తీగే కదా అని వదిలేయవద్దు, దాని పక్కనుంచే ప్లస్ తీగ కూడా పోతుంది. యాక్సిలరేటర్, క్లచ్, స్పీడోమీటర్ కేబుళ్లు మూడూ కొత్తవి వేసి, పాత వాటిలో ఏదీ విడిభాగంగా దాచుకోకండి. బిగించాక ఇదే మీటరుతో మళ్లీ కొలిచి అంకె ఇక్కడ రాయండి.

నెల్లూరు ఎస్టీమ్:

35 తీగ, మూడు కేబుళ్లు, కొత్త డాట్ 4 నూనె వేశాను. సెల్ఫ్ కొట్టినప్పుడు 0.2 వోల్టులు. ఫ్యాను తిరుగుతూ ఇరవై నిమిషాలు నిలబెట్టినా ముల్లు సగం దగ్గరే ఆగింది, బ్యాటరీ దగ్గర 14.0 కదలలేదు. బ్రేకు సంగతి ట్రాక్ మీదే తేలాలి. ఆరు వారాల తరువాత శుక్రవారం ప్రాక్టీసు అవగానే రాస్తాను.