ఆసుపత్రిలో డేటా పరిరక్షణ బృందాన్ని ఎవరెవరితో ఏర్పాటు చేయాలి?

కృష్ణాతీరం (ప్రశ్న):
విజయవాడలోనూ చుట్టుపక్కల పట్టణాల్లోనూ కలిపి మూడు శాఖలున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాణ్యతా విభాగం నా బాధ్యత. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లోనే వచ్చినా, 2025 నవంబరులో నియమాలు వెలువడేదాకా మా యాజమాన్యం దాని ఊసెత్తలేదు. ఇప్పుడు ఎండీ గారు ఐటీ హెడ్‌నే డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్‌గా ప్రకటించి, మిగతాది మీరిద్దరూ చూసుకోండి అన్నారు. ఐటీ హెడ్ సమర్థులే, అందులో సందేహం లేదు. అయితే రోగుల వివరాలు సర్వరు దాటి ఎవరెవరి ఫోన్లలోకి వెళ్తున్నాయో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. అసలు ఈ పదవి మాకు తప్పనిసరా? బృందంలో ఎవరుండాలి, అది ఎవరికి జవాబు చెప్పాలి?

హైకోర్టు మెట్లు:
చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం, కేంద్ర ప్రభుత్వం ‘సిగ్నిఫికెంట్ డేటా ఫిడ్యూషియరీ’గా, అంటే డేటా పరిమాణం, సున్నితత్వం వంటివి చూసి అదనపు బాధ్యతలు పెట్టే సంస్థగా, ప్రకటించిన సంస్థలకే డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్ తప్పనిసరి. మీ ఆసుపత్రిని అలా ప్రకటించనంతవరకు ఆ హోదా అక్కరలేదు గానీ, తమ డేటా గురించి రోగులు అడిగితే సమాధానం చెప్పగలిగే ఒక వ్యక్తి వివరాలను ప్రతి సంస్థా బహిరంగంగా ప్రకటించాల్సిందే. అంటే పేరు ఐచ్ఛికం, పని మాత్రం కాదు.

ఐటీ హెడ్ విషయంలో మీ సంకోచం సరైనదే. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో, ఎవరికి ఏ లాగిన్ ఇవ్వాలో నిర్ణయించే మనిషే ఆ నిర్ణయాలను తనిఖీ చేయడమంటే, క్యాషియరే తన క్యాష్‌ను ఆడిట్ చేసుకోవడం. యూరప్‌లో దీనిమీద జరిమానాలు కూడా పడ్డాయి: ఒక సంస్థలో కంప్లయన్స్, రిస్క్, ఆడిట్ విభాగాల అధిపతినే డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్‌గా పెట్టినందుకు బెల్జియం నియంత్రణ సంస్థ 2020లో 50,000 యూరోలు విధించింది. మన చట్టం కూడా, ఆ అధికారి తప్పనిసరైన చోట, ఆయన భారతదేశంలోనే ఉండాలనీ డైరెక్టర్ల బోర్డుకు జవాబుదారీ కావాలనీ చెబుతోంది. మీకు తప్పనిసరి కాకపోయినా ఆ ఏర్పాటునే పాటించండి. తగిన భద్రతా చర్యలు లేక డేటా బయటికి పొక్కితే సంస్థపై పడగల జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంది కాబట్టి, ఇది డైరెక్టర్లు స్వయంగా వినవలసిన విషయమే.

రికార్డు గది:
నేను పదిహేనేళ్లుగా మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఉన్నాను. మా ఆసుపత్రిలో కూడా మొదట ఐటీ, లీగల్ మాత్రమే కూర్చుని నలభై పేజీల పాలసీ రాశారు. దాన్ని చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో నాకు అనుమానమే. ఆ తర్వాత ఒక రోగి వివరాలు రిజిస్ట్రేషన్ కౌంటర్ నుంచి ఇన్సూరెన్స్ క్లెయిమ్ ముగిసేదాకా ఎక్కడెక్కడికి వెళ్తున్నాయో, వెంట నడిచి రాసుకున్నాం. ల్యాబ్ రిపోర్టులు ఒక టెక్నీషియన్ సొంత వాట్సాప్ నుంచి వెళ్తున్నాయి. నర్సింగ్ స్టేషన్‌లో మూడు షిఫ్టులకూ ఒకటే లాగిన్. ఉద్యోగం మానేసి ఏడాదైన బిల్లింగ్ క్లర్కు పాస్‌వర్డు ఇంకా పనిచేస్తోంది. బయటి ల్యాబ్‌కు నమూనాతో పాటు రోగి ఫోన్ నంబరు ఎందుకు పంపుతున్నామని అడిగితే, ఎప్పటినుంచో అలాగే పంపుతున్నామన్నారు.

బృందంలో ఎవరుండాలో ఆ నడకే తేల్చింది. నర్సింగ్ సూపరింటెండెంట్, రికార్డ్స్ ఇన్‌చార్జ్, ఇన్సూరెన్స్ డెస్క్ చూసేవారు, హెచ్‌ఆర్, కొనుగోళ్ల విభాగం, ఐటీ నుంచి ఒక్కొక్కరు ఉన్నారు. న్యాయవాది అవసరమైనప్పుడు వస్తారు. హెచ్‌ఆర్‌ను చాలామంది మరచిపోతారు, సిబ్బంది ఆధార్, బ్యాంకు వివరాలు కూడా వ్యక్తిగత డేటాయేనన్నది గుర్తుండదు. మార్కెటింగ్‌ను మేము ఆలస్యంగా చేర్చుకున్నాం, ఆ పొరపాటు మీరు చేయకండి: పిల్లల డేటా విషయంలో ఆసుపత్రులకు ఉన్న మినహాయింపు వైద్యానికి అవసరమైనంతవరకే గానీ ప్యాకేజీల ప్రచారానికి కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, బృందానికి ఆపగలిగే అధికారం ఉండాలి. రోగుల డేటా తాకే ఏ కాంట్రాక్టు మీదైనా బృందం సంతకం లేకుండా చెల్లింపు జరగకూడదని మా ఎండీ గారు సర్క్యులర్ ఇచ్చారు. అప్పటిదాకా మా సమావేశాలకు టీ తాగడానికి వచ్చేవారే ఎక్కువ.

కృష్ణాతీరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అర్ధరాత్రి ఏదైనా లీక్ బయటపడితే ఈ బృందమంతా సమావేశమయ్యేదాకా ఆగవలసి ఉంటుందా?

హైకోర్టు మెట్లు:
అంత వ్యవధి లేదు. సైబర్ భద్రతా ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, గమనించిన 6 గంటల్లో వారికి తెలియజేయాలి. దానికి తోడు, కొత్త నియమాల్లోని ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు ముగిసి 2027లో అమలులోకి వచ్చాక, ఈ చట్టం అమలును చూసే డేటా ప్రొటెక్షన్ బోర్డుకూ ప్రభావితులైన ప్రతి రోగికీ ఆలస్యం లేకుండా చెప్పి, 72 గంటల్లో బోర్డుకు పూర్తి వివరాలు ఇవ్వాలి. అందుచేత సమాచారం పంపే అధికారం ఒక్కరికి, ఆయన అందుబాటులో లేకపోతే మరొకరికి, ముందే రాతపూర్వకంగా ఇచ్చి ఉంచండి.

రికార్డు గది:
ఆ ఇద్దరి ఫోన్ నంబర్లు రాత్రి డ్యూటీ మేనేజర్ బల్లమీద కాగితంపై కూడా ఉండాలి. మేము నంబర్లన్నీ సిస్టంలోనే పెట్టాం. మాక్ డ్రిల్ రోజున ఐటీవాళ్లు మొదట ఆపేసింది ఆ సిస్టంనే.