లావా మీద సముద్రం నీళ్లు కొట్టి ఊరు కాపాడుకున్నారంట, నాన్నని అక్కడికి తీసుకెళ్లొచ్చా?

సింగ్‌నగర్_మేడమీద:

అందరికీ నమస్తే అండి. మాది విజయవాడ. మా అక్కావాళ్లు ఐస్‌లాండ్ రేక్యావిక్‌లో ఉంటారు, ఈ ఆగస్టులో అమ్మానాన్నల్ని తీసుకుని రమ్మంటంది. ప్లాన్ అంటే అందరూ వెళ్లేదే, జలపాతాలు, గీజర్, నల్ల ఇసక బీచి. కానీ మా నాన్నగారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు, 71 ఏళ్లు, ఆయన ఏదో వీడియోలో వెస్ట్‌మన్ దీవులని ఒక చేపల ఊరు చూశారు, ఊరి పక్కనే అగ్నిపర్వతం పేలితే పైపులేసి సముద్రం నీళ్లు కొట్టి లావాని ఆపారని. ఇక అప్పట్నించీ ఒకటే పాట, గీజరు నాకెందుకురా, మే నెలలో మన మేడమీద ట్యాంకు కుళాయి తిప్పితే అవే నీళ్లు, నన్ను ఆ ఊరికి తీసుకెళ్లు చాలు అంటన్నారు.

ఆయన ఎందుకు పట్టుబడుతున్నారో నాకు తెలుసు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చినప్పుడు మా కింద పోర్షన్ మొత్తం మునిగింది, నాలుగు రోజులు మేడ మీద ఉన్నాం, తాగే నీళ్ల కోసం తాడు కట్టి బకెట్ కిందకి దింపాం పడవ వాళ్లకి. సర్వీసంతా నీళ్ల లెక్కలు రాసిన మనిషి మంచం కిందకే నీళ్లొచ్చినయ్. ఇప్పటికీ రాత్రి వాన పడితే లేచి గేటు దగ్గరికెళ్లి టార్చి వేసి చూసొస్తారు, మేము నిద్ర నటిస్తాం.

అడిగేదేంటంటే, అసలు నీళ్లు కొట్టి ఆపడం నిజమేనా, లేక యూట్యూబ్ కథా? ఊరు మొత్తం ఒక్క రాత్రిలో ఖాళీ చేశారంట, అదెట్లా కుదిరింది? ఆ వయసులో పడవెక్కించి తీసుకెళ్లొచ్చా? మా అమ్మ గుడ్డు కూడా ముట్టదు, ఆ చేపల ఊళ్లో ఆవిడేం తింటది?

---

బ్రాడీపేట_నాలుగోలైను:

బ్రో ఆగస్టులో గుంటూరు నుంచి ఎక్కడికి పారిపోయినా మంచిదే 😀 నన్ను కూడా సూట్‌కేస్‌లో పెట్టుకుపో.

---

రేక్యావిక్_గోంగూర:

నేను ఇక్కడే ఉంటా అండి, మాది నరసరావుపేట. ఆ దీవికి మూడుసార్లు వెళ్లా, ఒకసారి మా అత్తగారితో. నిజమే, కథేం కాదు.

జనం ఉండే పెద్ద దీవి పేరు హేమాయె. 1973 జనవరి 23, తెల్లారితే మంగళవారం, అర్ధరాత్రి దాటాక రెండింటప్పుడు ఊరికి తూర్పు పక్కన భూమి పగిలింది, కిలోమీటరున్నర పొడుగు చీలిక, వరసగా నిప్పు ఫౌంటెన్లు. ఊళ్లో అప్పటికి 5,300 మంది దాకా ఉన్నారు. ఖాళీ ఎట్లా చేశారంటే, ముందు రోజు పెద్ద గాలివాన, అందుకని చేపల పడవలన్నీ వేటకి పోకుండా హార్బర్లోనే కట్టేసి ఉన్నాయి. లేకపోతే పడవలు ఎక్కడో నడిసముద్రంలో, జనం ఒడ్డున ఉండేవాళ్లు. ఆరు గంటలు అటూ ఇటూగా దాదాపు అందరినీ పడవల్లో మెయిన్ ఐస్‌లాండ్‌కి చేరేశారు, ముసలివాళ్లని, ఆసుపత్రిలో వాళ్లని విమానాల్లో. ఆ ఐదు నెలల్లో పోయింది ఒక్క ప్రాణం, ఖాళీ భవనంలోకి చేరిన విషవాయువు వల్ల. ఇళ్లు మాత్రం నాలుగొందల దాకా లావా కిందా బూడిద కిందా పోయాయి.

ప్రయాణం అంటే రేక్యావిక్ నుంచి కారులో రెండు గంటలు, లాండేయాహోప్న్ అని రేవు, అక్కడ్నించి ఫెర్రీ 40 నిమిషాలు. ఫెర్రీ మన భవానీ ఐలాండ్ బోటు లాంటిది అనుకోవద్దు, కార్లు ఎక్కే ఓడ, లిఫ్ట్, క్యాంటీన్ అన్నీ ఉంటాయి. కానీ ఆ రేవులో ఇసక మేట వేస్తూ ఉంటది, ఎప్పుడూ తవ్వుతూ ఉండాలి, అల ఎక్కువున్న రోజు ఫెర్రీని దూరంగా వేరే రేవుకి మళ్లిస్తారు, అప్పుడు రెండున్నర గంటల పైనే, మా అత్తగారికి అదే తగిలింది, వెంకన్నస్వామిని మొక్కుకుంటూ వచ్చింది పాపం. కాబట్టి వెళ్లే రోజు మార్చుకునే వీలు పెట్టుకోండి. ఇంకోటి, ఆగస్టు మొదటి వారాంతం అస్సలు వద్దు. అప్పుడు వాళ్లకి పెద్ద జాతర, 1874 నుంచి జరుగుతంది, దీవి మీద జనాభాకి రెండుమూడింతల మంది దిగుతారు, డేరాలు, పాటలు, మందు. ఫెర్రీ టికెట్టూ ఉండదు, రూమూ ఉండదు.

చలి సంగతి, ఆగస్టులో కూడా పగలు పది పన్నెండు డిగ్రీలే, చలి కన్నా గాలి. దక్షిణం కొసన స్టోర్‌హోఫ్ది అని కొండ ఉంది, యూరప్ మొత్తానికీ గాలి ఎక్కువ కొట్టే చోట్లలో అదొకటి. మా అత్తగారి మంకీక్యాప్ అక్కడే ఎగిరి సముద్రంలో పడింది. గొడుగు పెట్టకండి, నవ్వుతారు.

అమ్మగారికి దిగులొద్దు. రూమ్ వంటగది ఉండేది తీసుకోండి, బియ్యం, కూరగాయలు సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి, స్కీర్ అని గట్టి పెరుగు ఉంటది, మా అత్తగారు దాన్ని కాసిని నీళ్లు పోసి చిలికి తాలింపు పెట్టి మజ్జిగపులుసు చేసింది, పర్ఫెక్ట్‌గా కుదిరింది. పొడులు తెచ్చుకోండి, నూనె పచ్చడి మాత్రం నాలుగు కవర్లు వేసి కట్టండి, నా సూట్‌కేసు ఇప్పటికీ మాగాయ వాసనే.

---

తెనాలి_కాలవగట్టు:

మీ నాన్నగారి కోసం నేను కొంచెం పెద్దగా రాస్తా, నేనూ ఆ డిపార్ట్‌మెంటు బాపతే.

వాళ్ల భయం ఇళ్ల గురించి కన్నా హార్బర్ గురించి. ఇల్లు పోతే కట్టుకోవచ్చు, దీవి మీద హార్బర్ మూసుకుపోతే ఇక ఆ ఊరికి పనే లేదు, ఐస్‌లాండ్ చేపల ఎగుమతిలో ఆ ఒక్క ఊరి వాటా పెద్దది. లావా మెల్లగా రేవు మూతి వైపు జరుగుతా ఉంది. అప్పుడు థోర్బ్యోర్న్ సిగుర్‌గేర్సన్ అని ఒక ఫిజిక్స్ ప్రొఫెసరు నీళ్లు కొట్టి చూద్దాం అన్నాడు. నవ్వినవాళ్లు ఉన్నారు, కొండకి ఉచ్చపోసి ఆర్పుతారా అన్నట్టు. మొదట ఫైరింజన్ పైపులతో మొదలెట్టి, తర్వాత సముద్రం తోడే పడవ తెచ్చి, మార్చి ఆఖర్లో అమెరికా నుంచి పెద్ద పంపులు దింపారు.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏంటంటే, నీళ్లు నిప్పుని ఆర్పవు. లావా మొహం మీద నీళ్లు పడితే ఆ ముందు భాగం గట్టిపడి గోడవుతది, వెనకొచ్చే లావాకి అదే అడ్డుకట్ట. మనం గండి పడితే బస్తాలేస్తాం చూడండి, వీళ్లు గట్టుకి కావాల్సిన రాయిని లావాతోనే పోయించుకున్నారు. ముందు మొహానికి కొడితే చాలదని బుల్డోజర్లతో ఆ పొగలు కక్కే లావా మీదే బాట వేసి, వెనక దాకా పైపులు పరిచారు. అవి ప్లాస్టిక్ పైపులు అండి! లోపల చల్లటి నీళ్లు పారతన్నంత సేపూ కరగలేదు, నీళ్లాగితే అంతే సంగతులు. నాకు ఈ ఒక్క ముక్క చాలు ఆ ఊరు చూడ్డానికి.

అయితే నీళ్లే ఆపాయా, అప్పటికే కొండ జోరు తగ్గిందా అనే వాదన ఇప్పటికీ ఉంది. నా మట్టుకు నాకు రెండూ నిజమే. మార్చి ఆఖర్లో లావా ఒక ఊపు ఊపి ఊరి తూర్పు భాగాన్ని మింగేసింది, అప్పుడు నీళ్లు ఆపలేకపోయాయి. హార్బర్ వైపు మాత్రం నిలబడింది. పైగా ఆ లావా రేవు మూతికి అడ్డంగా సముద్రంలోకి పెరిగి ఆగడంతో మూతి సన్నబడి లోపలికి అల తగ్గింది, ముందుకన్నా మంచి హార్బర్ అయింది. కోట్లు పోసి బ్రేక్‌వాటర్ కట్టినా అంత కుదరదు. జులై మొదట్లో పేలుడు ఆగింది. మొత్తం కొట్టిన నీళ్లు 60 లక్షల టన్నుల పైన.

---

నిజాంపట్నం_బోటు:

మాది బోట్ల ఫ్యామిలీ అండి, నేను వెళ్లలేదు గానీ చేపల లెక్కలో ఆ ఊరు తెలుసు. కాడ్, హెర్రింగ్, మాకెరల్, ఇంకా కేప్లిన్ అని చిన్న చేప, మన మెత్తళ్లకి పెద్దన్న అనుకోండి, దాని గుడ్లు జపాన్ వాళ్లు కొంటారు. 2019, 2020లో ఆ కేప్లిన్ సరిపడా కనపడలేదని రెండేళ్లూ అసలు వేటే ఇవ్వలేదు, ఫ్యాక్టరీల్లో ఆ సీజన్ పనే లేదు. మనకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం అంటేనే ఎంత గోల, అక్కడ ఏటా సైంటిస్టులు ఇంత పట్టొచ్చు అని లెక్క చెప్తే దాన్ని కోటాలుగా పంచుకుంటారు, ఆ కోటా అమ్ముకోవచ్చు కొనుక్కోవచ్చు. చేప మిగిలింది, నిజమే, కానీ కోటాలన్నీ పెద్ద కంపెనీల చేతికి పోయి చిన్న ఊళ్లలో బోట్లు ఒడ్డెక్కాయని అక్కడ కూడా తిట్టుకుంటారు. మనకి ఆ పద్ధతి పెడితే ఆరు నెలల్లో కోటా ఎవరి చేతికి పోతదో నేను చెప్పక్కర్లేదు.

ఇంకోటి మా నాన్నకి చెప్తే నమ్మలేదు, కాడ్ తలకాయలు వాళ్లు పారెయ్యరు, భూమిలోంచొచ్చే వేడితో ఎండబెట్టి నైజీరియాకి పంపుతారు. ఎండే లేని దేశం ఎండు చేపలు అమ్ముతంది.

---

పటమట_పడమటగాలి:

అందరూ బాగా చెప్పారు గానీ ఒక మాట అనకుండా ఉండలేను. ఇదంతా విని పెద్దాయన అక్కడ వాళ్లు మొనగాళ్లు, మనకే చేతకాలేదు అనుకుని రాకూడదు. అదే దేశంలో గ్రిండావిక్ అని ఇంకో చేపల ఊరు. 2023 నవంబరు 10 రాత్రి ఖాళీ చేయించారు, 3,700 మంది పైన. 2024 జనవరిలో లావా ఊళ్లోకొచ్చి మూడిళ్లు తగలబెట్టింది, అది కూడా మట్టి గట్లు కట్టాక. నీళ్లు కొట్టడం అక్కడా చేసి చూశారు. గవర్నమెంటే ఇళ్లు కొనేసింది, ఎక్కువమంది వేరే ఊళ్లలో సెటిలయ్యారు. మిషన్లన్నీ 1973 కన్నా మంచివే, మనుషులూ వాళ్లే. కొండ ఒకసారికి ఆగింది, ఇంకోసారి ఆగలేదు.

పైగా హేమాయెలో ముందు రోజు గాలివాన లేకపోతే కథ వేరేలా ఉండేది. బుడమేరుకి అలాంటి లక్కు మనకి దొరకలేదు, అంతే తేడా అని నేను అనను, ఇంకా చాలా ఉన్నాయి, అవి మొదలెడితే ఈ థ్రెడ్ లాక్ అయిపోద్ది.

---

రేక్యావిక్_గోంగూర:

@పటమట_పడమటగాలి కరెక్టే అండి. మా ఆఫీసులో గ్రిండావిక్ ఆవిడ ఉంది, ఇల్లు చెక్కుచెదరలేదు, కానీ వెళ్లి ఉండలేదు. ఆవిడ ముందు హేమాయె పొగిడితే ఊరుకుంటది.

హేమాయె వాళ్లకి కూడా తిరిగి రావడం పండగేం కాదు. 1975 మార్చికి వందలో ఎనభై మంది దాకా వచ్చారు, మిగతావాళ్లు రాలేదు. ఊళ్లో కప్పేసిన బూడిదని పారలతో, లారీలతో ఎత్తి దాంతోనే విమానాల రన్‌వే పొడిగించారు, కొత్త ఇళ్లకి మెరక పోశారు. చల్లారని లావాలో నీళ్లు తిప్పి కొన్నేళ్ల పాటు ఇళ్లకి వేడి అందించారు. మీ నాన్నగారికి ఇది బాగా నచ్చుద్ది. ఎల్డ్‌హేమార్ అని మ్యూజియం ఉంది, 2014లో తెరిచారు, బూడిదలోంచి తవ్వి తీసిన ఒక ఇంటి చుట్టూ కట్టారు. వంటింట్లో సామాన్లు అట్లానే ఉంటాయి. మీ ఇంటికి వరదొచ్చింది అన్నారు కాబట్టి ముందే చెప్తన్నా, ఆయన్ని అక్కడ తొందరపెట్టకండి.

కొత్త కొండ పేరు ఎల్డ్‌ఫెల్, 200 మీటర్లు. ఎత్తు తక్కువే గానీ కాళ్ల కింద ఎర్ర గులకరాళ్లు జారతాయి, మోకాళ్లు బాగుంటేనే. పైన కొన్ని చోట్ల చెయ్యి పెడితే ఇప్పటికీ వెచ్చగా తెలుస్తది. ఆగస్టు చివర్లో వెళ్తే ఇంకోటి, పఫిన్ అనే సముద్రపు పిట్ట పిల్లలు సముద్రంలోకి పోవాల్సింది ఊరి లైట్లు చూసి వీధుల్లో పడతాయి, రాత్రి పూట పిల్లలంతా అట్టపెట్టెలు పట్టుకుని ఏరుకుంటారు, పొద్దున్నే సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లి గాల్లోకి విసురుతారు. మా వాడు రెండు పట్టాడు.

---

సింగ్‌నగర్_మేడమీద:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. రాత్రి భోజనాలయ్యాక మొత్తం నాన్నకి చదివి వినిపించా. ప్లాస్టిక్ పైపుల దగ్గర ఆపమని మళ్లీ చదవమన్నారు. తర్వాత అమ్మ మందుల చీటీ వెనక లెక్క మొదలెట్టారు. 60 లక్షల టన్నులంటే టీఎంసీలో అయిదో వంతు పైన కొంచెం. 2024 వరదప్పుడు బ్యారేజీ మీద రికార్డు ఫ్లో 11.43 లక్షల క్యూసెక్కులు కదా, ఆ లెక్కన వాళ్లు ఐదు నెలలు కొట్టిన నీళ్లన్నీ మన ప్రకాశం బ్యారేజీ కింద మూడు నిమిషాల పైచిలుకులో పోయాయంట. రెండుసార్లు లెక్కేసి, చీటీ నాకిచ్చి, "మూడు నిమిషాల నీళ్లురా" అన్నారు, అంతే, లైటు తీసేసి పడుకున్నారు.

గ్రిండావిక్ సంగతి కూడా చదివా, దాయలేదు. ఆ ఊళ్లో ఇళ్లకి ఎంతిచ్చారు అని అడిగారు.

ఆగస్టు మూడో వారం బుక్ చేశాం, రెండు రాత్రులు, ఒక రోజు స్పేర్. మోకాళ్లు పర్లేదంటన్నారు, ఆయన అట్లానే అంటారు. బెజవాడలో ఆ గులకరాళ్లకి పనికొచ్చే బూట్లు ఎక్కడ దొరుకుతాయో ఎవరన్నా చెప్పండి, ఆయన జీవితంలో ఇప్పటిదాకా వేసింది శాండల్సే.

---

బ్రాడీపేట_నాలుగోలైను:

బూట్లు ఇక్కడే కొని రోజూ పొద్దున్న వాకింగ్‌కి వేయించు బ్రో, కొత్త బూట్లతో కొండెక్కితే బొబ్బలు గ్యారంటీ. మంకీక్యాప్‌కి తాడు ఉండేది చూసి కొను 😀