హాఫ్ ప్లేట్ గాజు నెగటివ్‌లకి క్లోరైడ్ పేపరు తెప్పించాలా, ఉన్న మల్టీగ్రేడ్ చాలా?

హాఫ్ ప్లేట్ మనవడు (జయనగర్, బెంగళూరు)

మా తాతకి నెల్లూరులో ఫొటో స్టూడియో ఉండేది. ఇల్లు అమ్మేటప్పుడు అటక మీద ట్రంకుపెట్టెలో 31 గాజు ప్లేట్లు దొరికాయి. అన్నీ హాఫ్ ప్లేట్, నాలుగుముప్పావు బై ఆరున్నర అంగుళాలు. నా 35 ఎంఎం ఎన్లార్జర్‌లో ఎలాగూ పట్టవు కాబట్టి కాంటాక్టే (ప్లేటుని పేపరుకి ఆనించి అదే సైజులో వేసే ప్రింటే) గతి. ఇల్ఫోర్డ్ మల్టీగ్రేడ్ (ఫిల్టర్ మార్చి కాంట్రాస్టు మార్చుకునే రకం) ఫైబర్ పేపరు సగం డబ్బా ఉంది. ఎన్లార్జర్‌ని ఊరికే లైటుగా వాడి, ఫిల్టర్ ఏమీ పెట్టకుండా ఒక పెళ్ళికూతురి ప్లేటు వేశాను. చీర అంచు బాగా వస్తే మొహం తెల్లకాగితం. మొహం కోసం టైము పెంచితే చీర, జడ బొగ్గు.

ఇలాంటి నెగటివ్‌లకి కాంటాక్టు కోసమే చేసే క్లోరైడ్ పేపరే సరైనదని, జర్మనీ నుంచి ఆ రకం ఆడాక్స్ లుపెక్స్ తెప్పించుకోమని ఒకరు చెప్పారు. పేపరు ధరకి రవాణా, సుంకం కలిపితే ఇంట్లో చెప్పుకోలేని లెక్క తేలుతోంది. నిజంగా అంత తేడా ఉంటుందా? ఊళ్ళో ఇంకొకరు పీటీ (ప్లాటినం) ప్రింట్ వెయ్యమంటున్నారు, దాని జోలికి నేను వెళ్ళను.

నీళ్ళ లెక్క (వలసరవాక్కం, చెన్నై)

డబ్బు తగలెయ్యకండి. ఫిల్టర్ లేకుండా వేస్తే మల్టీగ్రేడ్ దాదాపు రెండో గ్రేడులా నడుస్తుంది (గ్రేడు అంకె పెరిగేకొద్దీ కాంట్రాస్టు పెరుగుతుంది). నెగటివ్‌లో పలచటి, చిక్కటి భాగాల మధ్య రెండో గ్రేడు మొయ్యగలిగే డెన్సిటీ తేడా 1.05 దగ్గర. పాత స్టూడియో ప్లేట్లు దానికి చాలా పైన ఉంటాయి. పసుపు వైపు, అంటే 00 ఫిల్టర్ పెట్టి మళ్ళీ వెయ్యండి. ఒకే డబ్బాలో 00 నుంచి 5 దాకా అన్ని గ్రేడులూ ఉన్నాయి కదా, 31 ప్లేట్లకి 31 రకాల కాంట్రాస్టు ఉన్నప్పుడు అంతకన్నా ఏం కావాలి?

ఇంకో మాట. అసలు ఫైబర్ పేపరే ఎందుకు? ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న పేపరు) అయితే రెండు నిమిషాల్లో కడిగేయొచ్చు. 2019 ఎండల్లో ఇక్కడ చెరువులు ఎండి ట్యాంకర్ కోసం లైన్లో నిలబడ్డవాణ్ణి. ఫైబర్ ప్రింటుని గంటసేపు పారే నీళ్ళలో కడగడం అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మీకూ 2024 మార్చిలో తాగునీళ్ళతో కారు కడిగితే ఐదు వేలు జరిమానా అన్నారుగా.

క్లోరైడ్ భక్తుడు (మల్లేశ్వరం, బెంగళూరు)

అన్నా, నీళ్ళ పేరుతో ఫైబర్‌ని తిట్టడం పాత పాట. ఫిక్సర్‌లో ఒక్క నిమిషం, ఐదు నిమిషాలు కడుగు, సోడియం సల్ఫైట్ తొట్టిలో పది నిమిషాలు, మళ్ళీ ఐదు నిమిషాలు కడుగు. అయిపోయింది. ఇల్ఫోర్డ్ వాళ్ళ లెక్కే ఇది. గంట ఎక్కడిది?

ఇక పేపరు సంగతి. క్లోరైడ్ పేపర్ అంటే మన పెద్దవాళ్ళు గ్యాస్‌లైట్ పేపరు అనేదే. 1893లో బేక్‌లండ్ వెలాక్స్ పేరుతో తెచ్చాడు, తర్వాత బేకలైట్ చేసినాయనే. కోడాక్ వాళ్ళ ఆజో కూడా ఈ జాతిదే, 2005లో ఆపేశారు. తర్వాత అమెరికాలో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు సొంతంగా లొడీమా చేయించుకున్నారు (అమిడాల్ అనే డెవలపర్ మందు పేరుని తిరగేసి చదవండి). ఎన్లార్జింగ్ పేపరు మీద కనబడనిది ఇందులో ఏముంది అంటే, వెలుగు భాగాల్లో మెట్లు. తెల్ల చొక్కా మీద మడతలు మల్టీగ్రేడ్‌లో రెండు మూడు కనబడితే ఇందులో ఏడెనిమిది లెక్కపెట్టొచ్చు.

స్పీడు మాత్రం నత్త. మామూలు ఎన్లార్జింగ్ బ్రోమైడ్ పేపరు కన్నా వంద రెట్లు నెమ్మది అనుకోండి. ఎన్లార్జర్ లైటు చాలదు, మూడడుగుల ఎత్తున ఉత్త బల్బు వేలాడదీయాలి. ఎల్ఈడీ పనికిరాదు, క్లోరైడ్‌కి ఊదా, దాని అవతలి అతినీలలోహిత కాంతే కనబడుతుంది, తెల్ల ఎల్ఈడీలో ఆ భాగం దాదాపు ఉండదు. తంతి ఉన్న వంద వాట్ల బల్బు ఎస్పీ రోడ్డులో వెతికితే ఇంకా దొరుకుతోంది.

నీళ్ళ లెక్క

మడతలు ఏడెనిమిది అన్నది నీ భక్తి తమ్ముడూ. ఒకే నెగటివ్‌ని రెండు పేపర్ల మీద వేసి, వెనక పెన్సిలుతో రాసి, మా ఆవిడకి చూపించాను. ఆమె ఎంచుకున్నది మల్టీగ్రేడ్. నేను ఎంచుకున్నదీ అదే, క్లోరైడ్ అనుకుని.

పైగా అసలు విషయం దాటేశావు. లుపెక్స్ ఒక్క గ్రేడులోనే వస్తుంది, అదీ మూడుకి దగ్గర. అడిగినాయన ప్లేట్లు బండ కాంట్రాస్టు. వాటిని గట్టి (కాంట్రాస్టు ఎక్కువ ఉన్న) పేపరు మీద పెడితే ఏమవుతుంది?

క్లోరైడ్ భక్తుడు

వాటర్ బాత్ చెయ్యాలి. డెవలపర్‌లో ఇరవై సెకన్లు, ఉత్త నీళ్ళలో కదపకుండా ఒక నిమిషం, మళ్ళీ డెవలపర్. నల్ల భాగాల్లో మందు అరిగిపోయి ఆగుతుంది, తెలుపులో పని చేస్తూనే ఉంటుంది. అమిడాల్ అయితే ఇంకా బాగా. గోళ్ళు నల్లబడతాయి, అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ గోళ్ళు కూడా అలాగే ఉండేవి.

అయినా నువ్వన్న మాటలో సగం ఒప్పుకుంటా. క్లోరైడ్‌కి తగ్గట్టు మనమే డెవలప్ చేసుకున్న కొత్త నెగటివ్ వేరు, ఎవరో ఎప్పుడో చేసిన ప్లేటు వేరు.

పెరంబూరు పాత స్టూడియో (చెన్నై)

నాకు 78. పద్నాలుగేళ్ళకే స్టూడియోలో చేరాను, ఇందులో తలదూర్చే హక్కు ఉందనుకుంటా.

అబ్బాయ్, ముందు ఒక పని చెయ్. ప్లేటుని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడు. ఎమల్షన్ (మందు పూత) వైపు బుగ్గల మీద, కళ్ళ కింద సన్నగా మెరుపు కనబడుతుందా? అది పెన్సిలు. లెడ్‌ని గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, చుక్కలు చుక్కలుగా పెట్టేవాళ్ళం. మీ తాత ఆ మొహాన్ని పేపరుని దృష్టిలో పెట్టుకునే దిద్ది ఉంటాడు. నీ టెస్టు ప్రింటులో మొహం తెల్లబడింది కాంట్రాస్టు వల్లనే కాదు, ఆ పెన్సిలు కూడా అడ్డం పడుతోంది. తడి గుడ్డతో తుడిచేవు, జాగ్రత్త.

రెండోది. ఆ రోజుల్లో ప్లేట్లు చాలావరకు ఎరుపు చూడనివి. ఎర్రలైటు కింద ట్రేలో చూస్తూ డెవలప్ చేసేవాళ్ళం, గడియారం చూసి కాదు. మేస్త్రీకి మూడ్ బాగుంటే ఒకలా, బాకీలవాడు బయట కూర్చుంటే ఇంకోలా. ఒకే రోజు తీసిన రెండు ప్లేట్లు కూడా ఒకలా ఉండవు. అందుకే షాపులో మెత్తది, మామూలుది, గట్టిది మూడు పేపర్లూ పెట్టుకునేవాళ్ళం, ప్లేటు చూసి పేపరు తీసేవాళ్ళం. తర్వాత ఊటీ నుంచి ఇందు బ్రోమైడ్ వచ్చింది, ప్రభుత్వ కంపెనీది, అదీ అలాగే వాడాం. ఇప్పుడు ఆ మూడు డబ్బాల పని ఆ ఫిల్టర్లు చేస్తున్నాయి. కాబట్టి ఈ 31కి మల్టీగ్రేడే. క్లోరైడ్ అందం నాకు తెలీక కాదు.

ప్లేటునీ పేపరునీ కలిపి నొక్కే కాంటాక్టు ఫ్రేములో స్ప్రింగు బిగించేటప్పుడు మాత్రం భయం ఉండాలి. గాజు ప్లేటు ఎప్పుడూ పూర్తిగా చదునుగా ఉండదు. పేపరు వెనక పలచటి ఫెల్టు ముక్క పెట్టి, రెండు చేతులతో మెల్లగా మూసెయ్. నేను పదహారేళ్ళప్పుడు ఒకటి విరగ్గొట్టాను. పెళ్ళి గ్రూపు ఫొటో. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తే.

ఉప్పు కాగితం (బెసెంట్ నగర్, చెన్నై)

మీరందరూ దుకాణం పేపరు గురించే కొట్టుకుంటున్నారు. అంత బరువైన ప్లేట్లకి ఇంట్లోనే కాగితానికి మందు పూసి చేసుకునే సాల్ట్ ప్రింటు కన్నా తగినది లేదండీ. నూలు కాగితానికి రెండు శాతం ఉప్పు నీళ్ళు, ఆరాక పన్నెండు శాతం సిల్వర్ నైట్రేట్, మేడ మీద ఎండ. నల్లబడిన భాగం తన మీద తనే తెరలా పడి ఇక నల్లబడకుండా ఆగుతుంది, కాబట్టి డెన్సిటీ తేడా 1.8 పైన ఉన్న నెగటివ్ కూడా హాయిగా సరిపోతుంది. 1858లో బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ తంజావూరు పెద్దగుడి శాసనాన్ని 21 నెగటివ్‌లుగా తీసి 19 అడుగుల పైన పొడవున అతికించాడు. ఎన్లార్జర్ ఎక్కడుంది అప్పుడు? అంతా కాంటాక్టే.

పెరంబూరు పాత స్టూడియో

అమ్మా, తప్పుగా అనుకోవద్దు. చెన్నై గాలిలో నైట్రేట్ కాగితం ఎంత ఆరినా ఆరదు. ఆ చెమ్మ అసలు ప్లేటుకి అంటిందంటే గోధుమరంగు మచ్చ, చచ్చినా పోదు. తాత చేతి ప్లేటు మీద ఆ ప్రయోగమా?

ఉప్పు కాగితం

మధ్యలో పలచటి పాలియెస్టర్ షీటు వేస్తాను. కానీ నా సొంత నెగటివ్‌ల మీదే చేశాను, గాజు ప్లేటు మీద కాదు. మీరన్నది నిజమే సార్. ముందు కాపీ నెగటివ్ చేసుకుని దాని మీద వెయ్యమని చెప్పి ఉండాల్సింది.

హాఫ్ ప్లేట్ మనవడు

నిన్న రాత్రి 00 పెట్టి వేశాను. టైము దాదాపు రెట్టింపు పట్టింది. మొహం వచ్చింది, ముక్కుపుడక వచ్చింది, చీరలో జరీ కూడా విడివిడిగా కనబడుతోంది. నలుపు మాత్రం కొంచెం నీరసంగా ఉంది, 1 పెట్టి జడ దగ్గర చేయి అడ్డం పెట్టి మళ్ళీ చూడాలి. పెన్సిలు నిజంగానే ఉంది సార్, కళ్ళ కింద మొత్తం.

ఇంకోటి. ప్లేటు అంచు దాకా ప్రింటు వేస్తే ఎడమ మూలలో వెనక తెరని పట్టుకున్న చెయ్యి ఒకటి పడింది. ఉత్త మోచెయ్యి వరకే. మా ఇంట్లో ఉన్న పాత ప్రింటులో అది లేదు.

పెరంబూరు పాత స్టూడియో

అది కుర్రాడి చెయ్యి. తెర గాలికి ఊగకుండా పట్టుకునేది నాలాంటి కుర్రాడే. ప్రింటు వేసేటప్పుడు నల్లకాగితం మాస్కు పెట్టి ఆ మూల కోసేసేవాళ్ళం. నువ్వు మాస్కు పెట్టకు.

క్లోరైడ్ భక్తుడు

నలుపు నీరసం అని నీ నోటితోనే అన్నావు, నేను అనలేదు. నా డబ్బా వచ్చాక నాలుగు షీట్లు ఇస్తా, బల్బు నీది. జరీ ఉన్న ఆ ప్లేటే వేద్దాం, వెనక పెన్సిలుతో రాసి అన్న వాళ్ళావిడకే చూపిద్దాం.