సూర్యలంక బేస్ దగ్గర మనుషుల ఫోటోలు తీస్తే తప్పేంటి? (తిట్లు లేకుండా మాట్లాడండి ప్లీజ్)

కృష్ణలంక కెమెరా:
అందరికీ నమస్తే. ఆదివారం సూర్యలంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ వైపు రోడ్డు మీద కొన్ని పోర్ట్రెయిట్లు తీశా (2022లో బాపట్ల జిల్లాలోకి పోయిందిలెండి, నా నోటికి ఇంకా గుంటూరు జిల్లానే). ఫోటోల్లో గేటు లేదు, గోడ లేదు, మనుషులే. కటింగ్ షాపాయన ఒకరు, ఏళ్ళ తరబడి ఎయిర్‌మెన్‌కి కటింగ్ చేస్తున్నాడు, హిందీ ఎంత గడగడా మాట్లాడతాడంటే బీహార్ కుర్రాళ్ళు మీదే ఊరని అడుగుతారంట. ఒక టైలరమ్మ, యూనిఫాం చొక్కాలకి స్ట్రైప్స్ కుడుతుంది, సూది పళ్ళ మధ్య పెట్టుకుని అలాగే కబుర్లు చెబుతుంది, మనకే భయమేస్తుంది. అస్సాం కుర్రాడొకడు, ఎయిర్‌మనే, లుంగీలో ఉన్నాడు, బజ్జీల బండి ఆవిడతో వాము ఎక్కువేశావని తెలుగులో గొడవ పడుతున్నాడు. ఇంతకన్నా మంచి మనుషులు ఎక్కడ దొరుకుతారు చెప్పండి? ఇంకో గ్రూపులో పెడితే డిఫెన్స్ ఏరియా అని పీకేశారు. ఇందులో సీక్రెట్ ఏముందో నాకర్థం కాలా.

బెజవాడ బుల్లోడు:
వాము సీక్రెట్ అన్నా 😂

మాజీ హవల్దార్:
తమ్ముడూ ముందు ఆ ఫోటోలు తీసెయ్. నేను ఆర్మీలో చేసి వచ్చినోణ్ణి కాబట్టి చెప్తున్నా. ఎయిర్‌మన్ మొహం, వాడు డ్యూటీ చేసే స్టేషన్ పేరు, వాడు బజ్జీలు తినే చోటు, మూడూ ఒకే పోస్టులో పెట్టావు నువ్వు. అవతలోడికి ఇంకేం కావాలి? 2019 డిసెంబర్‌లో వైజాగ్‌లో నేవీ కుర్రాళ్ళని సమాచారం పాకిస్తాన్‌కి చేరవేశారని అరెస్టు చేశారు గుర్తుందా, ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేరుతో పరిచయం చేసుకునే కదా లాగారు. ఆ తర్వాత నేవీ వాళ్ళు షిప్పుల్లో, బేసుల్లో స్మార్ట్‌ఫోన్లే ఆపేశారు. 2020లో ఆర్మీ 89 యాప్‌లు తీసెయ్యమంది, ఫేస్‌బుక్, ఇన్‌స్టా కూడా అందులోవే. వాడికి వాడే మొహం పెట్టుకునే వీల్లేదంటే నువ్వు పెడతావా? అక్కడ ఫోటోలు తీయరాదని బోర్డు ఉంటది, చూశావా లేదా?

లా పాయింట్:
అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ 1923, సెక్షన్ 3 చదవండి. దేశ భద్రతకి హాని చేసే ఉద్దేశం ఉండాలి. టైలరమ్మని ఫోటో తీస్తే ఏ ఉద్దేశం? పబ్లిక్ రోడ్డు పబ్లిక్‌దే.

మాజీ హవల్దార్:
అదే సెక్షన్‌లో నిషేధిత స్థలం దగ్గర్లో తిరిగినా కూడా అని ఉంది, అది వదిలేసి చదివావేం లాయరుగారూ? డిఫెన్స్ విషయమైతే 14 ఏళ్ళ దాకా ఉంది శిక్ష. బోర్డు చూశాడా లేదా అది చెప్పమనండి.

లా పాయింట్:
దగ్గర్లో తిరగడానికి కూడా అదే ఉద్దేశం ఉండాలండీ. లేకపోతే సూర్యలంక బీచ్‌కి వచ్చే ప్రతి ఫ్యామిలీనీ లోపలెయ్యాలి. అయినా బోర్డు ఆ బజ్జీల బండికి ఎంత దూరం?

గుంటూరు మిర్చి:
డ్రోన్ ఎగరేస్తే ఇంకా బాగుంటది కదా బ్రో

లా పాయింట్:
@గుంటూరు మిర్చి నువ్వు ఆగు. అలాంటి చోట్లు రెడ్ జోన్‌లో ఉంటాయి, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం కేంద్రం పర్మిషన్ లేకుండా ఎగరెయ్యకూడదు. ఇది మాత్రం నిజంగా కేసే.

పొన్నూరు అమ్మాయి:
నేను ఒకటి చెప్పనా. మా ఆయన ఎయిర్‌ఫోర్సే, పెళ్ళయ్యాక క్వార్టర్స్‌లోనే ఉన్నాం చాలాకాలం. ఒకసారి బయట ఏదో ఫంక్షన్‌లో నేను దీపం వెలిగిస్తుంటే ఎవరో ఫోటో తీసి, కింద "వీరనారి" అని రాసి పెట్టారు. వీరనారి అంటే మా దాంట్లో భర్త పోయిన ఆడవాళ్ళని అంటారండీ. మా ఆయన అప్పుడు పక్కన సమోసా తింటున్నారు. పొన్నూరులో మా పెద్దమ్మ ఆ ఫోటో చూసి ఏడ్చుకుంటూ అమ్మకి ఫోన్, అమ్మ నాకు ఫోన్, నేను ఎత్తలా, ఇక ఇంట్లో శోకాలు. తీసినాయనకి ఫోన్ చేస్తే "గౌరవంగానే రాశాను కదమ్మా" అన్నాడు.

కృష్ణలంక కెమెరా:
అక్కా అది వేరే కేసు. @మాజీ హవల్దార్ బాబాయ్, బోర్డు బోర్డు అంటున్నావు, 2022 డిసెంబర్‌లో కొరిశపాడు దగ్గర హైవే మీద సుఖోయ్, తేజస్ తెచ్చి ట్రయల్ చేసినప్పుడు జనం మొత్తం ఫోన్లు పట్టుకునే ఉన్నారు కదా, టీవీల్లో కూడా వేశారు, యుద్ధ విమానం తీస్తే ఓకే, కటింగ్ షాపు తీస్తే దేశద్రోహమా?

మాజీ హవల్దార్:
అది వాళ్ళు చూపించింది. చూపించాలనుకున్నారు, చూపించారు. నువ్వు తీసింది ఎవరూ చూపించంది. ఈ తేడా తెలియకుండానే కెమెరా మెళ్ళో వేసుకుని తిరుగుతున్నావా?

బాపట్ల బోటు:
ఫైరింగ్ ఉందంటే మమ్మల్ని సముద్రంలోకి పోవద్దంటారు, ఆ రోజు వేట లేదు, కూలీ లేదు. మా ఫోటో ఎవడూ తియ్యడు. ఇంటరెస్టింగ్ మనుషులంటే గోడ అవతలోళ్ళు, వాళ్ళకి గడ్డం గీసేవాళ్ళేనా?

కృష్ణలంక కెమెరా:
అన్నా నిజంగా వస్తా, మీదీ తీస్తా.

బాపట్ల బోటు:
వద్దులే

లా పాయింట్:
బోర్డు దూరం ఇంకా ఎవరూ చెప్పలేదు.

పొన్నూరు అమ్మాయి:
వేరే కేసు అని ఎలా అంటారు తమ్ముడూ? అందరూ బోర్డు గురించీ సెక్షన్ గురించీ కొట్టుకుంటున్నారు గానీ నేను చెప్పింది ఒక్కరైనా చదివారా? ఆ టైలరమ్మ ఫోటో కింద ఏం రాశారు మీరు?

కృష్ణలంక కెమెరా:
"యూనిఫాం వెనక సూది" అని రాశా. బాగానే ఉంది కదా.

పొన్నూరు అమ్మాయి:
ఆమెకి చూపించారా?

కృష్ణలంక కెమెరా:
ఫోటో తీసుకోమంది, నవ్వింది కూడా. క్యాప్షన్ కూడా చూపించి సంతకం పెట్టించుకోవాలంటే అది పాస్‌పోర్ట్ ఫోటో అవుద్ది, పోర్ట్రెయిట్ కాదు. నేను చూసింది నేను రాస్తా. ఇలాంటి వాళ్ళని ఎవరూ పట్టించుకోరు, నేను పట్టించుకున్నా, దానికి నన్నే తిడుతున్నారు, వెరీ గుడ్.

మాజీ హవల్దార్:
పట్టించుకున్నావా. సరే, విను. రిటైరయ్యాక నేను బెజవాడలో ఒక ఏటీఎం దగ్గర గార్డుగా చేశా. ఒక రాత్రి జ్వరం, కుర్చీలో తల వాల్చా. ఎవడో నీలాంటోడే ఫోటో తీసి "దేశాన్ని కాపాడినోడు నేడు ఏటీఎం కాపాడుతున్నాడు, ఇదీ మన దేశం" అని పెట్టాడు. వాడి ఉద్దేశం మంచిదే. జనం పాపం పాపం అని లైకులు కొట్టారు. ఏజెన్సీవాడు చూసింది మాత్రం నేను నిద్రపోవడం. తెల్లారి రావద్దన్నాడు. మా అల్లుడి వాట్సప్‌కి కూడా వచ్చిందది. నేనేమన్నా చెయ్యి చాపానా? ఆ పని నాకిష్టమయ్యే చేశా, ఇంట్లో కూర్చోలేక. నా మీద జాలిపడమని ఎవడికి చెప్పా నేను?

బెజవాడ బుల్లోడు:
సారీ బాబాయ్. తెలీదు.

లా పాయింట్:
ఇది సెక్షన్ 3 కిందకి రాదు, ప్రైవసీ కిందకొస్తుంది, సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పు 2017...

మాజీ హవల్దార్:
నీ సెక్షన్ నువ్వే దాచుకో నాయనా.

పొన్నూరు అమ్మాయి:
నేను చెప్పేదీ అదే బాబాయ్ గారూ. నాకు సెక్యూరిటీ గొడవ తెలీదు. మిలటరీ వాళ్ళంటే మీకు రెండే బొమ్మలు, దణ్ణం పెట్టడానికొకటి, జాలిపడటానికొకటి. ఉల్లిపాయల రేటు చూసి తిట్టుకునే ఆడదాన్ని నేను, అది రాస్తే ఎవరు లైక్ కొడతారు?

కృష్ణలంక కెమెరా:
మీ ఇద్దరి విషయంలో జరిగింది తప్పే, కాదనట్లా. కానీ అందుకని ఎవరూ ఎవరి ఫోటో తియ్యకూడదంటే నేను ఒప్పుకోను. నేను జాలి రాయలేదు. అస్సాం కుర్రాడి ఫోటో మాత్రం తీసేశా ఇప్పుడే, బాబాయ్ చెప్పిన పాయింటు నిజమే, వాడి ఉద్యోగానికి ఇబ్బంది. టైలరమ్మది ఉంచుతా. ఆమె ఎయిర్‌ఫోర్స్ మనిషి కాదు, ఆమె షాపు రోడ్డు మీదుంది.

మాజీ హవల్దార్:
ఆమెకి పనిచ్చేది లోపలోళ్ళే కదా. రేపు ఎవడైనా అభ్యంతరం చెప్పి చొక్కాలు ఇవ్వడం మానేస్తే?

కృష్ణలంక కెమెరా:
వచ్చే వారం వెళ్ళి ప్రింట్ ఇచ్చి, రాసింది చదివి వినిపిస్తా. వద్దంటే తీసేస్తా. చాలా?

మాజీ హవల్దార్:
అడిగేదాకా తీసెయ్.

కృష్ణలంక కెమెరా:
తియ్యను. అడిగాక చూద్దాం.

గుంటూరు మిర్చి:
ఆ బజ్జీల బండి లొకేషన్ ఎవరైనా పెట్టండి బ్రో

మాజీ హవల్దార్:
పెట్టొద్దు!!