అద్దెకి తీసుకున్న ఇంట్లో మంచాలు, టేబుళ్ళు జరపొచ్చా? అరకులో మా డిపాజిట్ గొడవ

విశాఖ కోడలు:
డిసెంబరులో ఇంటిల్లిపాదీ తొమ్మిది మందిమి అరకు వెళ్ళాం. రెండు రాత్రులకి ఒక ఇల్లు తీసుకున్నాం. యాడ్‌లో "మూడు బెడ్‌రూములు, తొమ్మిది మందికి సరిపోతుంది" అని ఉంది. తీరా వెళ్ళాక చూస్తే పడకగదులు మూడూ పైనే. మా అత్తయ్యగారికి 72 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, మెట్లెక్కలేరు. అందుకని పైనుంచి ఒక సింగిల్ పరుపు దించి హాల్లో దివాన్ మీద వేశాం. రాత్రి లేచి బాత్రూముకి వెళ్ళాలంటే డైనింగ్ టేబుల్ అడ్డం, దాన్ని గోడవారకి జరిపాం. పైన ఒక గదిలో మంచం తలవైపు ఉత్తరం. మా మామయ్యగారు ఉత్తరానికి తలపెట్టి పడుకోరు, ఆ మంచాన్ని తిప్పాం.

వచ్చేసే రోజు పొద్దున్నే ఎక్కడివి అక్కడ పెట్టేశాం. అయినా ఓనరు 5,000 డిపాజిట్‌లో 4,000 పట్టుకున్నాడు. చెక్క ఫ్లోరింగ్ మీద గీత పడిందని 1,500, పర్మిషన్ లేకుండా సామాను జరిపామని 2,500. రూల్స్‌లో సిగరెట్టు వద్దు, పార్టీలు వద్దు అని ఉంది గానీ ఫర్నిచర్ మాటే లేదు. డబ్బు కట్టి ఉన్న ఆ రెండు రోజులూ మా పెద్దవాళ్ళకి వీలుగా సర్దుకునే హక్కు మాకు లేదా?

కొండమీది ఇల్లు:
నేను లంబసింగి వైపు రెండు గదులు అద్దెకిస్తాను, కాబట్టి ఓనరు వైపు నుంచి చెబుతాను. జరపకూడదు. ఇప్పటి మంచాలు మన తాతలనాటి టేకు మంచాలు కావు. ఎక్కువగా పార్టికల్ బోర్డు. తలవైపు పలక పట్టుకుని లాగితే స్క్రూలు పట్టు వదులుతాయి. ఆ రోజు ఏమీ కనపడదు. మూడు బుకింగుల తర్వాత ఎవరో పాపం కూర్చోగానే పక్క చెక్క ఊడి వస్తుంది. ఆ గెస్టుని అడగలేను, మిమ్మల్నీ అడగలేను. గీతల సంగతి కూడా అంతే, టేబుల్ కాలు కింద ఒక్క ఇసుక రేణువు ఉంటే చాలు.

నా అసలు భయం వేరే ఉంది. చలికి అందరూ ఒకేచోట పడుకుందామని పరుపులన్నీ హాల్లోకి లాగుతారు. ఒక్కోసారి తలుపుకి అడ్డంగా వేస్తారు. ఒకసారి మా గెస్టులు బయట చలిమంటలోని నిప్పుల్ని బకెట్లో పోసి హాల్లో పెట్టుకున్నారు, కిటికీలన్నీ మూసేసి! బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. నేను మంచినీళ్ళ బాటిళ్ళు ఇవ్వడానికి వెళ్ళి చూశాను కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఏ గదిలో ఎవరు పడుకుంటున్నారో ఇల్లుగలవాడికి తెలియాలి అనేది అందుకే.

ఓరుగల్లు:
జరిపే ముందు ఓనరుకి ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది కదా అక్కా.

విశాఖ కోడలు:
ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు, రాత్రి తొమ్మిదికి ఫోన్ ఎత్తలేదు. తాళాలిచ్చిన కేర్‌టేకర్‌ని అడిగాం. "మీ ఇష్టం అమ్మా" అని పరుపు దించడానికి తనే ఒక చెయ్యి వేశాడు. ఇప్పుడు ఓనరు "అతనికి ఆ అధికారం లేదు" అంటున్నాడు.

బెజవాడ లాయర్:
ఆ ఒక్క విషయంతో కేసు మారిపోయింది. రెండు రాత్రుల బస లీజు కిందికి రాదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ చెప్పే లైసెన్సు, అంటే ఉండటానికి అనుమతి మాత్రమే. కాబట్టి "రెండు రోజులు మా ఇల్లే" అన్న మాట చట్టం ముందు నిలబడదు. కానీ తాళాలిచ్చి, ఇల్లు చూపించి, గెస్టులతో మాట్లాడటానికి ఓనరే పెట్టిన మనిషి సరే అంటే, గెస్టు నమ్మడంలో తప్పులేదు. కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ చెప్పేది ఇదే. ఏజెంటుకి అధికారం ఉందని ఎదుటివాళ్ళు నమ్మేలా చేసిన యజమాని ఆ పనికి కట్టుబడాలి.

ఫైను విషయానికొస్తే, అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో పెనాల్టీ రాసుకున్నా సరే, ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే వస్తుంది. ఇక్కడ అసలు రాసుకోనే లేదు. నా ఉద్దేశంలో ఆ 2,500 అడిగి తీసుకోండి. గీత మాత్రం మీ చేతుల్లో పడిందే, దానికి ఇవ్వాల్సిందే. బాగుచేయించిన బిల్లు చూపించమనండి.

నెల్లూరు పెద్దాయన:
ఉత్తరం సంగతి నేను చెబుతాను. ఏటా వినాయకచవితికి కథ వినే ఇళ్ళు మనవి. ఉత్తరానికి తలపెట్టి పడుకున్న ఏనుగు తలే తెచ్చారని చిన్నప్పటి నుంచీ విన్నాం. నేనూ ఆ వైపు తలపెట్టను. ఆయన్ని తప్పుపట్టను. కానీ అమ్మా, దానికి మంచం తిప్పక్కర్లేదు. దిండు తీసి కాళ్ళవైపు వేసుకుంటే తల దక్షిణానికి వస్తుంది, అంతకంటే మంచి దిక్కు లేదు. నలభై ఏళ్ళుగా లాడ్జీల్లో నేను చేసేది అదే.

డాలస్ తెలుగు:
మేం స్మోకీ మౌంటెన్స్‌లో క్యాబిన్లకి వెళ్తుంటాం. అక్కడ చాలా యాడ్స్‌లో ఏ అంతస్తులో ఏ గది, అందులో ఏ సైజు మంచం అని విడివిడిగా రాస్తారు. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు నేను మొదట చూసేది మెయిన్ ఫ్లోర్‌లో బెడ్‌రూమ్, దానికి ఆనుకుని బాత్రూమ్ ఉన్నాయా అని. "తొమ్మిది మందికి సరిపోతుంది" అని రాసి, గదులన్నీ పైన ఉన్నాయని చెప్పకపోవడం దగ్గరే తప్పు మొదలైంది.

కొండమీది ఇల్లు:
ఒప్పుకుంటాను. నా యాడ్‌లోనూ ఆ మాట లేదు. కేర్‌టేకర్ సరే అన్నాక ఫైను వేయడం కూడా న్యాయం కాదు. అయినా మంచం తిప్పడానికి మాత్రం నేను ఒప్పుకోను. పరుపు దించడం వేరు, అది అవసరం.

విశాఖ కోడలు:
పెద్దాయన గారూ, దిండు సంగతి మాకు తట్టనే లేదు, మంచం అనవసరంగా తిప్పాం. టేబుల్‌ని కూడా లాగకుండా ఇద్దరం ఎత్తి పెట్టాల్సింది, కనీసం కాళ్ళ కింద దుప్పటి మడతపెట్టి వేయాల్సింది. గీత డబ్బులు ఉంచుకోమని, 2,500 వెనక్కివ్వమని, కేర్‌టేకర్ మాట కూడా రాసి ఈరోజే ఓనరుకి మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. పరుపు దించినందుకు మాత్రం నాకు ఏ బాధా లేదు. అత్తయ్యగారు రెండు రాత్రులూ ఎవరినీ లేపకుండా తనంతట తనే బాత్రూముకి వెళ్ళొచ్చారు.

కొండమీది ఇల్లు:
ఇప్పుడే నా యాడ్ మార్చాను. "గదులు రెండూ పైనే, మెట్లు పదహారు. పెద్దవాళ్ళు వస్తుంటే ముందుగా చెప్పండి, కింద మంచం వేయిస్తాం." మంచం కోసం రేపు నర్సీపట్నం వెళ్తున్నాను.